డాన్యూబ్ ఒడ్డున ఆ రాతి మెట్లు

జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ కొండల్లో పుట్టిన డాన్యూబ్ 2,850 కిలోమీటర్లు పారి నల్ల సముద్రంలో కలుస్తుంది. ఉల్మ్, రేగెన్స్‌బర్గ్ పట్టణాలను నేను రైలు కిటికీలోంచి చూశానంతే. పసావులో ఇన్ నది వచ్చి చేరాక నీళ్ళు నిండుగా కనిపిస్తాయి. అక్కణ్ణుంచి వియన్నా దాకా ఒడ్డు వెంట పేరున్న సైకిల్ బాట ఉంది. దిగువన వచ్చే ద్రాక్షతోటల గురించి చాలామంది రాశారు. నేను అంతదూరం పోను.

లింజ్‌కు ఎగువన ఆల్కోవెన్ గ్రామంలో హార్ట్‌హైమ్ కోట ఉంది. 1940 నుంచి 1944 దాకా అక్కడ నాజీలు మానసిక రోగులను, వికలాంగులను, ఆ తర్వాత నిర్బంధ శిబిరాల ఖైదీలను విషవాయువుతో చంపారు. మొత్తం దాదాపు 30,000 మంది. ఆ బూడిదను డాన్యూబ్‌లోనూ పోశారు. పోయినవాళ్ళ మీద గౌరవంతో మనం అస్థికలు నదిలో కలుపుతాం. వీళ్ళు ఆనవాలు మిగలకూడదని కలిపారు.

హిట్లర్ చిన్నప్పుడు చదువుకున్న ఊరు లింజ్. దాన్ని మహానగరంగా కట్టించాలని అతని కోరిక. కట్టడాలకు రాయి కావాలి. అప్పట్లో వియన్నా నగరపాలికకు చెందిన గ్రానైట్ క్వారీ దిగువన మౌట్‌హౌజన్‌లో ఉంది. 1938 మార్చిలో ఆస్ట్రియాను జర్మనీ కలిపేసుకుంది. ఆగస్టుకల్లా డాఖౌ నుంచి తొలి ఖైదీలు ఆ క్వారీ దగ్గరికి వచ్చారు. రాయి కోసమే అక్కడ శిబిరం వెలిసింది.

లింజ్ నుంచి వస్తుంటే ముందు గూజెన్ తగులుతుంది. మౌట్‌హౌజన్‌కు అనుబంధమైన ఆ ఉపశిబిరంలో కనీసం 35,000 మంది చనిపోయారు. యుద్ధం తర్వాత ఆ నేల మీద ఇళ్ళు లేచాయి. శిబిరం ముఖద్వారం ఒకరి సొంత బంగళా అయింది. శవదహనపు కొలిమి చుట్టూ ఉన్న కాస్త జాగానైనా దక్కించుకోవడానికి ప్రాణాలతో బయటపడినవాళ్ళే దాన్ని కొనాల్సి వచ్చింది. 1965లో అక్కడ స్మారకం వెలిసింది. మిగిలిన భూమిలో కొంత కొనడానికి ఆస్ట్రియా ప్రభుత్వానికి 2022 దాకా తీరిక దొరకలేదు. ఇది నన్ను అన్నిటికంటే మండించింది.

మౌట్‌హౌజన్ శిబిరం కొండ మీద రాతికోటలా కనిపిస్తుంది. క్వారీలోంచి పైకి 186 మెట్లు. ఇప్పుడున్నవి తర్వాత సరిచేసినవి. అప్పట్లో అవి ఎగుడుదిగుడు బండలు. తిండిలేని మనుషులు వీపున రాళ్ళు మోస్తూ ఎక్కేవారు. ముందువాడు కూలితే వెనకవాళ్ళ మీద పడేవాడు. చీమకుర్తి క్వారీలు చూసినవాణ్ణి కాబట్టి రాయి బరువు ఎంతుంటుందో నాకు తెలుసు. ఆ గట్టు మీద నిలబడితే కాళ్ళు కదలలేదు. ఇక్కడికీ దీని ఉపశిబిరాలకూ తెచ్చిన దాదాపు 1,90,000 మందిలో కనీసం 90,000 మంది బతకలేదు. స్పెయిన్ రిపబ్లికన్లు, పోలండ్‌వాళ్ళు, సోవియట్ సైనికులు, యూదులు, ఇంకా ఎందరో.

ఇదంతా ఎవరికీ తెలియకుండా జరిగిందంటే నమ్మకండి. క్వారీలో తుపాకీ దెబ్బలు తిన్నవాళ్ళు గంటలకొద్దీ కొనప్రాణంతో పడి ఉంటున్నారని 1941లో పక్కనున్న రైతు మహిళ ఒకరు ఫిర్యాదు చేశారు. ఇలాంటివి ఆపండి, లేదా కనిపించని చోట చేయండి అన్నది ఆమె విన్నపం. శిబిరం గోడ పక్కనే మైదానంలో దాన్ని నడిపిన నాజీ దళం ఎస్.ఎస్. ఫుట్‌బాల్ జట్టు ఆడుతుంటే ఊరివాళ్ళు వచ్చి చూసేవారు. ఆ పక్కనే జబ్బుపడిన ఖైదీలు చనిపోతుండేవారు.

1945 ఫిబ్రవరి 2 తెల్లవారుజామున 20వ బ్లాకులోని సోవియట్ ఖైదీలు దాదాపు 500 మంది తప్పించుకునే ప్రయత్నం చేశారు. మంచులో వాళ్ళను వేటాడిన గుంపుల్లో చుట్టుపక్కల పౌరులూ ఉన్నారు. బతికి బయటపడ్డట్టు తెలిసినవాళ్ళు పదకొండు మందే. కానీ అదే ప్రాంతంలో లాంగ్‌థాలర్ అనే రైతు కుటుంబం ఇద్దరిని యుద్ధం ముగిసేదాకా తమ దగ్గర దాచింది. దొరికితే ఇంటిల్లిపాదికీ మరణమేనని తెలిసీ దాచింది. మరో దారి లేదన్నవాళ్ళకు ఆ ఇల్లే జవాబు.

1945 మే 5న అమెరికన్ సైన్యం వచ్చింది.

డాన్యూబ్ ఇంకా వియన్నా, బుడాపెస్ట్ మీదుగా పోతుంది. నేను వెనుదిరిగాను. మ్యూనిక్‌లోనో వియన్నాలోనో చదువుకుంటున్న మన పిల్లలు సెలవులకు సాల్జ్‌బర్గ్, హాల్‌స్టాట్ వెళ్తుంటారు. మౌట్‌హౌజన్ లింజ్‌కు ఇరవై కిలోమీటర్లే. స్మారకానికి ప్రవేశ రుసుము లేదు. ఒక్క పూట కేటాయించండి, గూజెన్ దగ్గర కూడా ఆగండి.