గింజల్లేని గిలక్కాయ

మా యింట్లో ఆస్తి తగాదాలు లేవు. ఆస్తి లేదు గనక. వున్న తగాదాలన్నీ సినిమాల గురించే. మొన్న ఆదివారం నేనూ అమ్మా చిక్కుడుకాయలు ముందేసుకుని యీనెలు తీస్తూంటే, సంజీవ్ కుమార్ అన్నిటికన్నా బాగా చేసింది ఏ సినిమాలో అన్న చర్చ లేచింది. మావారిది ఒకటే మాట, 'షోలే'. మా అమ్మాయి 'అంగూర్' అంది. నేను వెంటనే ఓటు వెయ్యకుండా కాసేపు బెట్టుచేశాను. నవలలు రాసుకునేదాన్ని కదా, తీర్పు నాకే వదిలేస్తారని ఆశ. ఎవరూ వదల్లేదు.

అమ్మ చేతిలో కాయ ఆపి, "ఏమిటే అనుకుంటున్నారూ?" అంది.

"ఏం లేదులే అమ్మా" అన్నాను.

మావారి మాట కొట్టిపారేసేది కాదు. 1975లో వచ్చిన 'షోలే' అనగానే అందరికీ గబ్బర్ సింగే గుర్తొస్తాడు గానీ, ఆ ఠాకూరు వేషం వెయ్యడం ఎంత కష్టమో ఆలోచించండి. నటుడికి మొహం తర్వాత చేతులే ఆస్తి. కోపం వస్తే బల్ల గుద్దాలి, ఏడుపొస్తే మొహం కప్పుకోవాలి. ఆ రెండు చేతులూ తీసేసి, ఒక శాలువా కప్పి, నటించవయ్యా అన్నారు. హోలీ పండుగ నాడు తుపాకీ కాళ్ళ దగ్గరే పడివుంటే వంగి తియ్యడు. పిరికివాడేమో అనుకుంటాం. తియ్యలేడని తెలిసేసరికి, అలా అనుకున్నందుకు మనకే సిగ్గేస్తుంది.

ఆ నెరిసిన జుట్టు ఠాకూరుకి అప్పుడు ముప్ఫయ్యేడేళ్ళంటే నమ్ముతారా? సూరత్‌లో 1938 జూలైలో పుట్టాడు. అసలు పేరు హరిహర్ జరీవాలా. నాటకాలాడే రోజుల్లో, యిరవైలలోనే, ముసలి వేషాలు మొదలుపెట్టాడట. ఇక సినిమాల్లో ఆ వరసలు చూస్తే మనకి కళ్ళు తిరుగుతాయి. 1972లో 'కోషిష్'లో జయా భాదురీకి మొగుడు. అదే యేడు 'పరిచయ్'లో ఆమెకే తండ్రి. మూడేళ్ళు తిరిగేసరికి 'షోలే'లో మావగారు! 1978లో 'త్రిశూల్'లో శశి కపూర్‌కి తండ్రయ్యాడు. ఆ కొడుకు తండ్రికన్నా నాలుగు నెలలు పెద్ద. హీరోలంతా కాలేజీ కుర్రాళ్ళుగా కనబడాలని తంటాలు పడే రోజుల్లో యీయన నిక్షేపంగా తెల్లజుట్టు పెట్టుకుని కూర్చున్నాడు.

తన వంశంలో మగవాళ్ళు యాభై దాటరని అనేవాడట. 1985 నవంబరు 6న గుండెపోటుతో పోయాడు. నలభై ఏడేళ్ళు. పెళ్ళి కూడా చేసుకోలేదు. నాకూ యీ యేడు నలభై ఏడే. జుట్టుకి రంగు మానేద్దామా వద్దా అని అద్దం ముందు నిలబడి ఆలోచించే వయసు. తెరమీద అన్ని ముసలితనాలు చూసినవాడికి ఒంటిమీద ఒక్కటీ రాలేదు.

తొమ్మిది వేషాలేశాడు, 'నయా దిన్ నయీ రాత్' గొప్పది కాదా అంటారేమో. అది మన నాగేశ్వరరావుగారి 'నవరాత్రి' కథే, 1974లో హిందీలో తీశారు. నాకెందుకో అందులో నటుడికన్నా మేకప్ మనిషికే ఎక్కువ పని పడినట్టనిపిస్తుంది. 'ఖిలోనా' కూడా మనదే సుమండీ. మన 'పునర్జన్మ'ని 1970లో ఎల్.వి. ప్రసాద్‌గారు హిందీలో తీశారు. పిచ్చివాడి వేషంలో కేకలు వేసినప్పటికన్నా, వూరికే కూర్చుని చూసినప్పుడే సంజీవ్ కుమార్‌ని చూస్తే ఎక్కువ భయమేస్తుంది.

మా అమ్మాయి చెప్పిన 'అంగూర్' 1982లో గుల్జార్ తీసింది. షేక్స్పియర్ కవలల కథ. ఇద్దరు అశోక్‌లూ ఆయనే. అందులో ఒకడికి డిటెక్టివ్ నవలల పిచ్చి. వూరుకాని వూళ్ళో ఎవరు నవ్వుతూ పలకరించినా యిదంతా పెద్ద ముఠా పన్నాగం అనుకుంటాడు. నాకు వుత్తరాలు రాసే పాఠకుల్లో అలాంటివాళ్ళు యిద్దరున్నారు. మిగతా హాస్యనటుల్లా నవ్వించాలని చూడడు. మహా సీరియస్‌గా భయపడతాడు, మనం చచ్చేట్టు నవ్వుతాం.

'షత్‌రంజ్ కే ఖిలాడీ' గురించి మాత్రం మా యింట్లో మాట్లాడను. 1977లో సత్యజిత్ రాయ్ తీశారు. పెళ్ళాం ఒక్కత్తీ పక్కగదిలో ఎదురుచూస్తూంటే యీ మిర్జాగారు చదరంగం ముందు నుంచి లేవడు. చివరికి ఆ మహాతల్లి పావులు దాచేస్తుంది. మావారి సెల్‌ఫోన్ దాచాలన్న ఆలోచన నాకు అక్కణ్ణించి రాలేదని మనవి.

ఇక నా ఓటు 'కోషిష్'కి. ఆ సినిమా నేను మొదటిసారి చూసింది తెనాలిలో, ఎనిమిదేళ్ళప్పుడు. వీధి మొత్తానికి ఒక్క టీవీ. ఆదివారం సాయంత్రం దూరదర్శన్‌లో హిందీ సినిమా వస్తే పిల్లలం నేలమీద, ఆడవాళ్ళు బల్లలమీద, మగవాళ్ళు గుమ్మంలో. ఒక్కరికీ హిందీ రాదు. మధ్యమా, రాష్ట్రభాషా పరీక్షలు పాసయిన ఎదురింటి పిన్నిగారు మాకు దుబాసీ. తెరమీద మాట వచ్చేలోపల, "అతను ఆమెని ప్రేమిస్తున్నాడట" అని చెప్పేసేది. ఆ మాత్రం మాకూ తెలిసేది, అయినా ఆవిడ చెబితేగాని తృప్తి వుండేది కాదు.

'కోషిష్' వచ్చిన రోజున పాపం ఆవిడకి సగం పని పోయింది. మొగుడూ పెళ్ళాం యిద్దరూ చెవిటి మూగవాళ్ళు. పసివాడి ఏడుపు వినపడక మొదటి బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళు. రెండోవాడు పుట్టాక, వీడికైనా చెవులున్నాయా అని వాడి పక్కన గిలక్కాయ ఆడిస్తారు. బిడ్డ తిరిగి చూడడు. అప్పుడు సంజీవ్ కుమార్ మొహం చూడాలి. బిడ్డని ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తుతారు. బిడ్డ బాగానే వున్నాడు. గిలక్కాయలోనే గింజల్లేవు! మోత రావడం లేదని తెలుసుకోడానికి వాళ్ళకి చెవులేవీ? నవ్వాలో ఏడవాలో తెలియక బల్లలమీది ఆడవాళ్ళందరూ రెండూ చేశారు. పిన్నిగారు కూడా ఆరోజు మాలాగే నోరుమూసుకుని సినిమా చూసింది. ఆ వేషానికి ఆయనకి జాతీయ బహుమతి వచ్చిందని నాకు చాలా యేళ్ళకి తెలిసింది. "భాష వచ్చినవాళ్ళూ మనమూ యివాళ ఒక్కటేనే" అంది అమ్మ యింటికొస్తూ. అమ్మ అయిదో క్లాసు చదివింది.

మూగవాడిగా నటించడానికి చేతులు తిప్పితే చాలనుకునేదాన్ని. ఆ సినిమాలో ఆయన చేతులకన్నా కళ్ళకే ఎక్కువ పని పెట్టాడు. ఎదుటివాళ్ళ పెదవులు, కనుబొమలు, ఒకళ్ళ మొహం నుంచి యింకొకళ్ళ మొహం. ఏదీ తప్పిపోకూడదన్న ఆత్రం.

ఆ చూపు మా యింట్లోనూ వుందని నేను గమనించడానికి యిన్నాళ్ళు పట్టింది. అమ్మకి మూడేళ్ళుగా చెముడు. మిషను కొన్నాం. పెట్టుకుంటే చెవిలో తేనెటీగలు మూగినట్టుంటుందని డబ్బాలో పెట్టేసింది. భోజనాల దగ్గర మేమంతా నవ్వితే, మా మొహాలకేసి చూసి, ఒక క్షణం ఆలస్యంగా తనూ నవ్వుతుంది. ఏమిటని అడిగితే గట్టిగా రెండుసార్లు చెప్పాలి. ఓపిక లేక "ఏం లేదులే" అంటాం. రోజుకెన్నిసార్లు అంటున్నానో లెక్కపెట్టబోయి మానేశాను.

ఆ రాత్రి టీవీలో 'కోషిష్' పెట్టించాను. మావారు ఫోనొచ్చి బయటికి వెళ్ళారు. అమ్మ మిగిలిపోయిన చిక్కుడుకాయల బుట్ట వొళ్ళో పెట్టుకుని కూర్చుంది. గిలక్కాయ తెరమీద కనిపించిందో లేదో, "అందులో గింజల్లేవే!" అని మా అమ్మాయి భుజం తట్టింది. మేం ముగ్గురం ఒక్కసారే నవ్వాం. ఆలస్యం లేకుండా.

ఆ నవ్వు విని మావారు హడావిడిగా లోపలికొచ్చి, అమ్మ పక్కన కుర్చీ లాక్కుని, "ఏమయింది అత్తయ్యగారూ? ఏమయింది?" అని చెయ్యి తిప్పుతూ అడిగారు.

అమ్మ తెరమీంచి కళ్ళు తిప్పలేదు.

"ఏం లేదులే బాబూ" అని బుట్టలోంచి యింకో కాయ తీసింది.