బొమ్మ మాది, చప్పుడెవరిది?

తెలుగు సినిమాలో మేం కనిపించకముందే మా చప్పుడు వినిపిస్తుంది. కెమెరా మా వీధిలోకి తిరగ్గానే అజాన్. మీనారు కనపడగానే ఓ ఆలాపన. టోపీ పెట్టుకున్న మనిషి తలుపు తీస్తే గుండెలదిరే మ్యూజిక్. ఆ మనిషి ఇంకా నోరు తెరవలేదు. పాలపాకెట్ కోసం పోతున్నాడో, బిడ్డ ఫీజు కట్టడానికి పోతున్నాడో ఎవరికీ తెలియదు. అతన్ని చూసి భయపడాలో, జాలిపడాలో, చప్పట్లు కొట్టాలో మాత్రం ఆ చప్పుడు ముందే చెప్పేసింది. బొమ్మ మాది. చప్పుడు మాది కాదు.

మా అస్తిత్వం గురించి చాలామంది చాలా చెప్పారు. గడ్డం గురించి, బురఖా గురించి, భాష గురించి చెప్పారు. మేం ఈసారి చప్పుడు గురించి చెప్తాం. మా ఊరి అలావా ఆట గురించి, దాన్ని వీడియో తీసినప్పుడు ఏ సౌండు ఉండాలన్న తగాదా గురించి చెప్తాం.

మాది పాలకీడు దిక్కు. ఒకప్పుడు నల్లగొండ జిల్లా నేరేడుచర్ల మండలం. 2016 నుంచి సూర్యాపేట జిల్లా, పాలకీడే మండలం. సాగర్ ఎడమకాలువ నీళ్లు, వరిపొలాలు, దుమ్ము లేపుకుంటూ పోయే సిమెంటు లారీలు. మా మండలంలోనే జాన్‌పహాడ్ దర్గా ఉంది. ఏటా జనవరిలో ఉర్సు. మా దిక్కు సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అన్న పేర్లు వినపడితే వాళ్లు ముస్లింలనుకునేరు. దర్గాకి మొక్కుకున్న హిందువులు తమ బిడ్డలకు పెట్టుకున్న పేర్లవి. పేరు విని మతం చెప్పలేని నేల మాది.

ఈ నేల మీద మొహర్రం అంటే పీర్ల పండుగ. క్రీస్తుశకం 680లో కర్బలా మైదానంలో ఇమామ్ హుస్సేన్ షహీద్ అయిన దుఃఖం అది. ఎక్కడి ఇరాక్, ఎక్కడి పాలకీడు! ఆ దుఃఖం తెలంగాణ పల్లెకి వచ్చి నిప్పుల గుండం చుట్టూ ఆటయింది. పీర్ల కొట్టం ముందర గుంత తవ్వి, మొద్దులు పేర్చి మంట పెడతారు. అదే అలావా. దాని చుట్టూ అన్ని కులాలవాళ్లూ తిరుగుతూ ఆడతారు. 'అసోయ్‌దూలా' అని కేక వేస్తారు. అందులో ఉన్నది హుస్సేన్ పేరే. రైతుల నోళ్లలో, కూలీల నోళ్లలో నాని నాని అట్లా నునుపుదేలింది.

ఈ ఆటకి డప్పు మాదిగవాడ నుంచి వస్తుంది. మీరు ఎప్పుడైనా డప్పు కొట్టే మనిషి కళ్లు ఎక్కడున్నయో చూశారా? అతను డప్పుని చూడడు. ఆడేవాళ్ల కాళ్లు చూస్తాడు. కుడిచేతి సిర్ర బరువు వేస్తుంది, ఎడమచేతి చిటికెనపుల్ల సందులు నింపుతుంది. ఆడేవాళ్లు అలసిపోతే దరువు తగ్గుతుంది. కుర్రవాళ్లు కొత్తగా వలయంలోకి దూకితే దరువు లేస్తుంది. పీరు లేచేటప్పుడు ఒక దరువు, అలావా చుట్టూ ఒక దరువు, పదోనాడు సాగనంపేటప్పుడు మరో దరువు. బొమ్మ మారితే చప్పుడు మారుతుంది. ఎవరూ సైగ చేయరు.

సినిమా డాన్సు దీనికి తలకిందులు. అక్కడ పాట ముందే రికార్డయి ఉంటుంది. సెట్లో దాన్ని పెట్టి, దానికి కాళ్లు కలపమంటారు. 1965లో న్యూయార్క్‌లో జాన్ కేజ్, మెర్స్ కన్నింగ్‌హామ్ కలిసి 'వేరియేషన్స్ 5' అని ఒక ప్రదర్శన చేశారు. వేదిక మీద యాంటెన్నాలు, ఫోటోసెల్స్ పెట్టి, డాన్సర్ల కదలికల్ని బట్టి చప్పుళ్లు మారేటట్టు చేశారు. వెనక తెర మీద సినిమా బొమ్మలు కూడా నడిచాయి. లోకం దాన్ని గొప్ప ప్రయోగమంది. గొప్పదే, కాదనం. మరి ఏ యాంటెన్నా లేకుండా కాలిని చూసి చప్పుడు మార్చే మాదిగ తాతని ఎవరు ఏమన్నారు? కూలి ఇచ్చి పంపారు, అంతే.

మా ఊళ్లో మొదటిసారి అలావాని వీడియో తీయించింది వీసీఆర్ రోజుల్లో. పెళ్లిళ్లకు తీసే స్టూడియోవాళ్లని పట్నం నుంచి పిలిపించాం. భుజం మీద కెమెరా, వెనక లైటు పట్టుకున్న పిల్లగాడు. నెల తర్వాత క్యాసెట్ వచ్చింది. ఊరంతా ఒక ఇంట్లో కూచుని చూశాం. మా అలావా కనపడింది. మా డప్పు వినపడలేదు. 'మీ పండుగ గదా' అని స్టూడియోవాళ్లు డప్పు తీసేసి, బజార్లో కొన్న ఖవాలీ క్యాసెట్ వేశారు. మధ్యమధ్య స్లోమోషన్. మా కాళ్లు ఒక దారి, పాట ఒక దారి. నిప్పు చుట్టూ తిరిగే మనుషులు నీళ్లలో తేలుతున్నట్టున్నారు.

డప్పు కొట్టిన తాత గోడకి ఆనుకుని చివరిదాకా చూశాడు. 'బేటా, మేం మీ కాళ్లు సూసి కొడ్తం. ఆ పాట మీ కాళ్లు సూస్తదా?' అన్నాడు.

అంతకంటే బాగా ఈ సంగతిని ఎవరూ చెప్పలేదు. ఆ స్టూడియోవాళ్లకు మా మీద ద్వేషం లేదు. ముస్లింలంటే ఖవాలీ అని వాళ్లకి ఎవరో చెప్పారు. మాకు గౌరవం చేస్తున్నామనే అనుకున్నారు. ఆ గౌరవంలో ఇద్దరు మాయమయ్యారు. డప్పుతో పాటు మాదిగ తాత మాయమయ్యాడు. డప్పుకి ఆడే పల్లె ముస్లిం కూడా మాయమయ్యాడు. మిగిలింది క్యాసెట్ అట్ట మీది ముస్లిం.

సెల్‌ఫోన్లు వచ్చినంక మా వీడియో మేమే తీసుకుంటున్నాం, మేమే ఎడిట్ చేసుకుంటున్నాం. గల్ఫ్‌లో ఉన్న పిల్లలు పంపమని అడుగుతారు. చేయబోతే తెలిసింది, చప్పుడుని బొమ్మకి కలపడం ఎంత పనో. ఒక ఫోను కొట్టం అరుగు మీద, ఇంకోటి అలావా దగ్గర, చప్పుడు కోసం ఇంకోటి డప్పుల పక్కన పెడతాం. మొదలుపెట్టేముందు ఒకరు అన్నిటికీ కనపడేటట్టు ఒక్క చప్పట్టు కొడతారు. చేతులు కలిసిన ఫ్రేము, చప్పుడు గీతలో లేచిన మొన, ఈ రెంటినీ ఒకచోటకి తెస్తే మొదలు కుదురుతుంది. అయితే పది నిమిషాలు పోయేసరికి మళ్లీ తప్పుతుంది. ఎందుకంటే చాలా ఫోన్లు చీకట్లో వెలుగు చాలక సెకనుకి తీసే ఫ్రేములు తగ్గించుకుంటాయి. మంట ఎగిస్తే మళ్లీ పెంచుకుంటాయి. చప్పుడు మాత్రం ఒకే వేగంతో నడుస్తుంది. కాబట్టి మొదట్లో ఒక్కసారి కలిపి వదిలేస్తే కుదరదు. ప్రతి ముక్క దగ్గరా సిర్ర తోలుకి తగిలిన ఫ్రేమును వెతికి మళ్లీ కలపాలి.

చప్పుడుకి దూరం కూడా ఉంది. సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. 34 మీటర్ల దూరంలో ఉన్న డప్పు చప్పుడు పదోవంతు సెకను ఆలస్యంగా వస్తుంది. సెకనుకి 30 ఫ్రేముల వీడియోలో అది మూడు ఫ్రేములు. చెరువు కట్ట మీద నిలబడి అవతలి రేవులో బట్టలుతికేవాళ్లని చూడండి. బట్ట బండకి తగిలిన తర్వాతే చప్పుడు వినపడుతుంది. మనిషి కన్ను, చెవి దానికి అలవాటుపడ్డాయి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో ఇచ్చిన లెక్క కూడా అదే చెప్తుంది. చప్పుడు బొమ్మకంటే దాదాపు 45 మిల్లీసెకన్లు ముందొస్తే చూసేవాళ్లు పట్టేస్తారు. వెనక వస్తే 125 దాకా పట్టుకోలేరు. ఆలస్యమైన చప్పుడుని మనుషులు ఓర్చుకుంటారు. బొమ్మకంటే ముందొచ్చిన చప్పుడుని ఓర్చుకోరు. మరి మా సంగతిలో ఎందుకు ఓర్చుకుంటున్నారో, మనిషి ఇంకా కనపడకముందే వచ్చే చప్పుడుని ఎట్లా నమ్ముతున్నారో మీరే ఆలోచించండి.

అసలు తిప్పలు బొమ్మ మారినప్పుడు వస్తుంది. మూడు గంటల ఆటని పదిహేను నిమిషాలు చేయాలి. ఒకరేమో మా నాన్న పీరు ఎత్తింది ఉంచమంటారు, ఇంకొకరు మలీదలు పంచింది ఉంచమంటారు. బొమ్మని ఎక్కడ కోసినా కింద దరువు తెగుతుంది. అందుకని మేం బొమ్మని దరువు చుట్టు పూర్తయిన చోటే కోస్తాం. జనం మాటలు, మంట చిటపటలు, దూరంగా లారీల రొద విడిగా పట్టుకుని, కోత కనపడకుండా అడుగున పరుస్తాం. స్లోమోషన్ పెట్టం. పెడితే దరువు సాగి గురకయిపోతుంది.

ఒక రాత్రి చప్పుడు ఇంకో రాత్రి బొమ్మకి అతకదు. ఒకే రాత్రిలో కూడా అతకదు. మంటకి కాచినప్పుడు తోలు బిగిసి డప్పు ఖంగుమంటుంది. చల్లబడేకొద్దీ గొంతు దిగుతుంది, మళ్లీ కాస్తారు. పది గంటల డప్పు రెండు గంటల కాళ్లకి వేస్తే తెలిసినవాళ్లు నవ్వుతారు. పైగా చాంద్ లెక్క ప్రకారం మొహర్రం ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2009లో పీర్ల పండుగ డిసెంబర్ చివర్లో వచ్చింది. 2024లో జూలైలో వచ్చింది. చలికాలం చప్పుడు తీసి వానకాలం బొమ్మకి పెడితే కప్పలు ఏమైపోయినట్టు?

ఇంత పట్టింపు ఎందుకు, ఏదో ఒక పాట వేస్తే పోలేదా అని అడుగుతారు. అడిగేవాళ్లు ఒక్కరకం కాదు. మాలోనే కొందరు, ఇది దీన్‌లో లేనిది, అసలు తీయనే వద్దు, తీస్తే డప్పు తీసేసి నాత్ పెట్టమంటారు. వాళ్లతో మేం కొట్లాడం. వాళ్ల నమాజు పక్కనే మేమూ చదువుతాం. కానీ మా తాతలు ఏ చప్పుడుకి ఏడ్చారో దాన్ని చెరిపే పని మాత్రం మా చేతుల్తో చేయం. కుర్రవాళ్లు డీజే పెట్టమంటారు. బయటివాళ్లు ఇది మీ పండుగే కాదు, మా జాతరే అని ఇంకో పాట వేస్తారు. ముగ్గురూ బొమ్మని ఉంచుకుంటారు. ముగ్గురూ చప్పుడుని మారుస్తారు.

నాలుగైదేళ్ల కింద ఇంకోటి జరిగింది. మా అలావా వీడియోలోంచి అర నిమిషం కోసి, అసోయ్‌దూలా తీసేసి, మేం ఎన్నడూ అనని నినాదాలు అతికించి ఎవరో ఫోన్లలో తిప్పారు. మంట, పైకి లేచిన పీర్లు, కేకలేసే నోళ్లు. సౌండుతో కలిపి చూస్తే మాకే భయమేసింది. రెండు రోజులు మా ఆడవాళ్లు పిల్లల్ని బడికి పంపలేదు. ఊళ్లో పెద్దమనుషులు పిలిపించారు. మేం ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. మా దగ్గరున్న అసలు వీడియో పెట్టాం, తర్వాత ఆ అర నిమిషం ఫ్రేము ఫ్రేముగా ఆపి చూపించాం. సిర్ర తోలు మీద పడుతున్నది, చప్పుడు లేదు. చెయ్యి గాలిలో ఉన్నది, చప్పుడు ఉన్నది. అప్పటి తాత లేడు. అతని కొడుకు ముందుకొచ్చి, 'ఆ చెయ్యి నాది. ఆ సప్పుడు నాది కాదు' అన్నాడు. వాళ్లు నమ్మింది మా ఫ్రేముల లెక్కని కాదు, అతని మాటని. ఆ మాట అనడానికి మాదిగవాడ నుంచి ఒక మనిషి మా పక్కన నిలబడి ఉండబట్టి బతికాం.

లౌకికవాదులకు కూడా ఒక మాట చెప్పాలి. పీర్ల పండుగని మతసామరస్యం అని మీరు పొగుడుతారు. సంతోషం. కానీ మీ డాక్యుమెంటరీల్లో మా బొమ్మల మీద మీ వ్యాఖ్యానమే మోగుతుంది. మా నోరు కదులుతుంది, మీ గొంతు వినపడుతుంది. మాకు మంచి చప్పుడు పెట్టమని మేం అడగడం లేదు. మా చప్పుడు మాకు ఉంచమంటున్నాం. అందులో అపశ్రుతి ఉంటే ఉండనీయండి. తాగినవాడి అరుపు, పీర్ల దగ్గర ముందు ఎవరు నిలబడాలన్న కులం కొట్లాట కూడా అందులోనే ఉంది. దాన్ని కూడా మేం కోయం.

ఇప్పుడు మా వీడియో మొదట్లో పేర్లు వేస్తున్నాం. ముందు డప్పులు కొట్టినవాళ్ల పేర్లు, తర్వాత పీర్లు ఎత్తినవాళ్లవి, అలావా తవ్వి మొద్దులు మోసినవాళ్లవి, చివర ఫోన్లు పట్టుకున్న మావి. సంగీతం అని మేం ఎక్కడా రాయం. చప్పుడు: మాదిగవాడ, అడుగులు: ఊరంతా అని రాస్తాం.