ఆశా అక్కలకి ట్రైనింగ్ మన మాటలో కూడా ఉండాలి



మేం సీతంపేట కొండల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్నోళ్లం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. జ్వరమొస్తే ఆశా అక్క దగ్గరికి పరిగెడతాం. తెల్లబట్ట అయినా, మూత్రంలో మంటయినా నోరు మెదపం. ఆమె మన ఊరామే, వరసకి వదినో పిన్నో అవుతుంది. ఇంట్లో తెలిసిపోతుందని భయం.

10 నుంచి 19 ఏళ్లోళ్ల కోసం 2014లో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. లైంగిక ఆరోగ్యం కూడా అందులో ఉంది. కానీ ఆశా అక్కలకి, ఏఎన్‌ఎంలకి ట్రైనింగంటే రోగాల పేర్లు చెప్తే సరిపోదు. పక్కకి పిలిచి అడగడం, విన్నది కడుపులో దాచుకోవడం, పెళ్లి కాకుండా ఇదేంటని నిలదీయకపోవడం నేర్పాలి. సవర ఇంట్లో సవరలోనే అడగాలి. రాని భాషలో చెప్పాలంటే సిగ్గు రెండింతలవుతుంది.

గిడుగు రామమూర్తి గారు వందేళ్ల కిందటే సవర నేర్చుకుని మన పిల్లలకి పుస్తకాలు రాశారు. ఆరోగ్య శాఖకి ఇప్పుడది కష్టమా?

ఈ మాట ఐటీడీఏకి అర్జీగా రాద్దాం. సంతకం పెట్టేవాళ్లు కింద చెప్పండి. ఈలోగా హెచ్‌ఐవీ గురించి ఏ అనుమానమున్నా 1097కి ఫోన్ చెయ్యండి, డబ్బులు పడవు.