పేరు తెలియని రచయితకు అరుగు మీది అభిమానులు

1972లో చందమామలో 'యక్షపర్వతం' సీరియల్ మొదలైనప్పుడు మేం గుడివాడలో ఉండేవాళ్లం. నాకు అప్పుడప్పుడే కూడబలుక్కోకుండా చదవడం వచ్చింది. మా వీధిలో చందమామ కొనేది ఒకటి రెండిళ్లవాళ్లే. వీధిలో పిల్లలందరూ నెల మొదటివారం ఆ ఇళ్ల అరుగుల మీదే ఉండేవాళ్లు. బస్టాండు దగ్గర పుస్తకాల కొట్టుకి కట్ట వచ్చిందో లేదో కనుక్కు రావడం మా అన్నయ్య వంతు. "ఇంకా రాలేదురా అబ్బాయ్, రేపు కనపడు" అని కొట్టాయన అన్నాడంటే ఆ పూట అన్నయ్య అన్నం కూడా సరిగా తినేవాడు కాదు.

పుస్తకం రాగానే అట్ట చూసి, నేరుగా సీరియల్ పేజీకి పోయేవాళ్లం. ముందు బొమ్మ చూడాలి. ఆ సీరియళ్లకి బొమ్మలు చిత్రా వేసేవారు. గుట్టల చాటు నుంచి తొంగిచూసే వికృత జంతువులు, నడుముకి తోలు చుట్టుకున్న అడవి మనుషులు, గాలిలో ఎగిరే మాంత్రికుడి జడలు. ఆ బొమ్మను బట్టి ఈ నెల ఏం జరగబోతోందో ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవాళ్లు. ఆ వాదన తేలాకే చదవడం. మొదట్లో కిందటి నెల కథ నాలుగు వాక్యాల్లో ఉండేది. అందరికీ కంఠతా వచ్చిన కథే అయినా దాన్ని దాటేస్తే ఊరుకునేవాళ్లు కాదు. "మొదట్నించీ చదవవే" అని కేకలేసేవాళ్లు.

'యక్షపర్వతం'లో ఖడ్గవర్మ గొప్పా, జీవదత్తుడు గొప్పా అన్న తగవు మా వీధిలో సీరియల్ నడిచినన్నాళ్లూ నడిచింది. ఖడ్గవర్మది కత్తి, జీవదత్తుడిది దండం, తెలివి. మగపిల్లలు ఎక్కువమంది కత్తి పక్షం. నేను జీవదత్తుడి పక్షం. ఎంత ఆపదలోనైనా ఆలోచించి మాట్లాడేవాడంటే నాకు గౌరవం. కొబ్బరిమట్ట చెక్కి కత్తులు చేసుకుని దొడ్లో యుద్ధాలు ఆడేవాళ్లం. బడిలో ఎక్కాలు తప్పినవాళ్లు కూడా ఏ రాక్షసుడు ఏ నెలలో ఎలా చచ్చాడో తడుముకోకుండా చెప్పేవాళ్లు.

పిల్లలకే కాదు ఆ పిచ్చి. మా మామ్మకి చూపు ఆనేది కాదు. రాత్రి భోజనాలయ్యాక మంచం మీద పడుకుని నాచేత చదివించుకునేది. రామాయణ భారతాలు విని పెరిగిన మనిషి. అయినా 'మాయాసరోవరం' సీరియల్ వస్తున్న రోజుల్లో నెల మధ్యలో పిలిచి, "ఏమే, ఆ సిద్ధసాధకుడు ఇంకా అడవిలోనే ఉన్నాడా?" అని అడిగేది. శూలం పట్టుకుని ఎవరికీ బెదరకుండా తిరిగే ఆ సాధకుడంటే మామ్మకి వల్లమాలిన ఇష్టం. అదే కథలోని జయశీలుడు ఎంత వీరుడైనా ఆమె లెక్కలో రెండోవాడే.

ఆ రెండు సీరియళ్ల మధ్య కొంతకాలం మాంత్రికుల కథ రాలేదు. దాని స్థానంలో బంకించంద్రుడి 'దుర్గేశనందిని' వచ్చింది. అది గొప్ప నవల అని మా నాన్నగారు ఎన్నోసార్లు చెప్పారు. పెద్దయ్యాక నేనూ ఒప్పుకున్నాను. కానీ ఆ నెలల్లో మా అరుగు బోసిపోయింది. పుస్తకం వచ్చినా ఎవరూ ఎగబడలేదు. 1976లో 'మాయాసరోవరం' మొదలవగానే మళ్లీ అందరూ చేరారు. పిల్లలు తమకేం కావాలో ఉత్తరాలు రాసి చెప్పరు. చదివో, చదవడం మానేసో చెబుతారు.

బొమ్మ మూలన చిత్రా సంతకం ఉండేది. కథకి మాత్రం రచయిత పేరు లేదు. చందమామ సంపాదకత్వం చూసే కొడవటిగంటి కుటుంబరావుగారే రాస్తారని పెద్దవాళ్లు, ఎవరో ఒక్కరు కాదు, ఆఫీసులో అందరూ కూర్చుని రాస్తారని మా అన్నయ్య అనేవాళ్లు. 1978లో చిత్రా పోయారు. 'భల్లూక మాంత్రికుడు' తర్వాత ఆ వరస సీరియళ్లు ఆగిపోయాయి. మేమూ చదువులకి, ఉద్యోగాలకి తలోదారీ పట్టాం. నాతో పనిచేసిన ఒక పూనా అమ్మాయి చిన్నప్పుడు మరాఠీ చందమామ 'చాందోబా'లో చదివిన కథ అంటూ ఒకరోజు మాయాసరోవరం కథ చెప్పుకొచ్చింది. ఆమెకీ రచయిత ఎవరో తెలియదు.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, వాటిని రాసింది దాసరి సుబ్రహ్మణ్యంగారని. గుంటూరు జిల్లా మనిషి. 1950ల తొలినాళ్లలో మద్రాసు వెళ్లి చందమామలో చేరి, యాభై ఏళ్లకు పైగా అక్కడే పనిచేశారు. 1954 నాటి 'తోకచుక్క' నుంచి 'భల్లూక మాంత్రికుడు' దాకా పన్నెండు సీరియళ్లు ఆయనవే. మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, అన్నీ ఒక్క చేతి రాత. 2010 జనవరిలో ఆయన కన్నుమూశారు. మా వీధి పిల్లల్లో ఒక్కరు కూడా ఆయనకి నమస్కారం చెప్పలేదు. చెప్పాలంటే ముందు పేరు తెలియాలి కదా. మామ్మకి సిద్ధసాధకుడు తెలుసు, అతన్ని పుట్టించిన మనిషి తెలియకుండానే ఆమె వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆ సీరియళ్లు పుస్తకాలుగా దొరుకుతున్నాయి, అట్ట మీద ఆయన పేరుతో. మీ పిల్లలకి కొనిపెట్టండి. చదివించేముందు ఆ పేరు పైకి చదివించండి. పిల్లల పుస్తకాలు వేసేవారికి నా మనవి ఒక్కటే: రచయిత పేరు పెద్ద అక్షరాల్లో వేయండి, ఉత్తరం రాయడానికి చిరునామా ఇవ్వండి. పిల్లలు రాస్తారు. రాసినవాడు బతికుండగా ఆ ఉత్తరాలు అందాలి.