చేతులు కడిగే యంత్రం – మా తంటాలు

సంచికకు ఏదైనా వ్రాయమని యూనియన్ వారు అడిగినప్పుడు కవిత్వం నా వల్ల కాదని ముందే చేతులెత్తేశాను. "పోనీ, మీ చేతులు కడిగే యంత్రం సంగతి వ్రాయండి" అన్నారు. దాని గురించి ప్రాజెక్టు రిపోర్టులో 62 పేజీలు వ్రాసి, నల్ల అట్ట వేయించి, బంగారు అక్షరాలు కొట్టించి ఇచ్చాం. అందులో వ్రాయనివి ఇక్కడ చెబుతాను.

2021లో సంగతి. కరోనా వల్ల మూతపడిన హాస్టలు మళ్ళీ తెరిచారు. మెస్సుకు వచ్చేవాళ్ళం సుమారు 200 మందిమి. వరండాలో అయిదు కొళాయిలు. మురికి చేత్తో తిప్పుతాం, సబ్బుతో కడుగుతాం, కడిగిన చేత్తో మళ్ళీ అదే కొళాయి కట్టేస్తాం. "ఇంక కడిగి ఏం లాభం రా?" అన్నారు మా మాస్టారు. 1847లో వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు, శవాలను కోసి తిన్నగా పురుళ్ళ వార్డుకు వచ్చే తోటి డాక్టర్ల చేత క్లోరిన్ సున్నపు నీళ్ళతో చేతులు కడిగించాడనీ, చావులు తగ్గినా చాలామంది పెద్దలు ఆయన మాట ఒప్పుకోలేదనీ ఒక పీరియడంతా చెప్పారు. చివర్లో, "ముట్టుకోకుండా నీళ్ళొచ్చే ఏర్పాటు చెయ్యండి, అదే మీ ప్రాజెక్టు" అన్నారు. మేము ముగ్గురం మెకానికల్ వాళ్ళం. ఎలక్ట్రానిక్స్ బ్రాంచి నుంచి ఒకణ్ణి అరువు తెచ్చుకున్నాం.

కాగితం మీద ఆ యంత్రం ఎంత అందంగా ఉండేదో! చెయ్యి పెట్టగానే ఇన్‌ఫ్రారెడ్ కిరణం చేతికి తగిలి వెనక్కి వస్తుంది, సెన్సరు పసిగడుతుంది, ఆర్డ్వినో బోర్డు సొలినాయిడ్ వాల్వు తెరుస్తుంది. 3 సెకన్లు నీళ్ళు, ఒక చుక్క సబ్బు, 20 సెకన్లు రుద్దుకోవడానికి విరామం, మళ్ళీ 7 సెకన్లు నీళ్ళు. బకెట్టూ వాచీ పెట్టి కొలిస్తే మా కొళాయి నిమిషానికి 6 లీటర్లు పోస్తోంది. కొళాయి వదిలేసి కడిగితే 30 సెకన్లకు 3 లీటర్లు. మా యంత్రంతో అయితే ఒకటే లీటరు. 200 మంది, పూటకొకసారి చొప్పున మూడు పూటలు, అంటే రోజుకు 1200 లీటర్లు మిగులు! ఈ లెక్క రిపోర్టులో పెద్ద అక్షరాలతో వేశాం. పక్కనే వెయ్యవలసిన ఇంకో లెక్క మాకు తట్టలేదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ల్యాబులో బ్రహ్మాండంగా పనిచేసింది. ప్రిన్సిపాల్ గారు స్వయంగా చేతులు కడుక్కున్నారు, ఫొటో కూడా తీశారు. మర్నాడు మెస్సు వరండాలో బిగించాం. చెయ్యి పెడితే వాల్వు టక్కుమంది. నీళ్ళు మాత్రం రాలేదు. ముసలమ్మ కన్నీళ్ళలాగా నాలుగు చుక్కలు రాలాయి.

కారణం తెలియడానికి రెండు రోజులు పట్టింది. ఆ రకం వాల్వులో కరెంటు అయస్కాంతం చిన్న రంధ్రాన్ని మాత్రమే తెరుస్తుంది. అసలు దారికి అడ్డంగా ఉన్న రబ్బరు పొరను పైకెత్తే పని నీటి ఒత్తిడిదే. మా వాల్వుకు కనీసం 0.2 బార్ కావాలి, అంటే రెండు మీటర్ల ఎత్తున నీళ్ళుండాలి. ల్యాబుకు నీళ్ళు మేడ మీది ట్యాంకు నుంచి వస్తాయి. మెస్సు వరండాలో మేము పెట్టిన ప్లాస్టిక్ ట్యాంకు కొళాయికి ఒక్క మీటరు పైన ఉంది. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో నాకు వచ్చిన మార్కులు ఇక్కడ చెప్పను. వెల్డింగు షాపులో స్టాండు చేయించి ట్యాంకు ఎత్తు పెంచాం.

ఆ తర్వాత సూర్యుడు తగులుకున్నాడు. వరండా పడమటి ముఖం. సాయంత్రం నాలుగయ్యేసరికి ఎండ తిన్నగా సెన్సరు కంట్లో పడేది. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుందాయె, అది చెయ్యో ఎండో సెన్సరుకేం తెలుసు? ఎవరూ లేకుండా దానంతట అదే నీళ్ళు పోసి, ఆపి, సబ్బు పెట్టి, మళ్ళీ పోసి, ట్యాంకు ఖాళీ చేసేసింది. మాస్టారు చూసి, "సూర్య భగవానుడు చేతులు కడుక్కుంటున్నాడ్రా, దణ్ణం పెట్టుకోండి" అన్నారు. ఎలక్ట్రానిక్స్ వాడు రాత్రంతా కూర్చుని, టీవీ రిమోటులో లాగా సెకనుకు 38 వేలసార్లు మినుకుమనే కిరణాన్ని పంపి, ఆ మినుకునే గుర్తించే రిసీవరు పెట్టాడు. మీద రేకు గొడుగు కూడా బిగించాం. సూర్యుడికి పస్తు.

సబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. చిక్కగా పోస్తే పంపు ఎక్కదు, పల్చగా పోస్తే ఆగదు.

అన్నీ కుదిరాక వార్డెన్ గారు మురిసిపోయి మిగతా నాలుగు కొళాయిలకూ గోనెగుడ్డలు చుట్టించారు. ఆ మధ్యాహ్నం వరుస మెస్సు దాటి, సైకిల్ స్టాండు దాటి, గేటు దాకా పోయింది. సబ్బు పడగానే నీళ్ళు ఆగితే యంత్రం చెడిందనుకుని ఒకడు దాని నెత్తిన గుద్దాడు. లోపల్నుంచి వంటమాస్టారు గరిటెతో బయటికొచ్చి అడిగాడు. "ఒక్కొక్కడికి ఎంతసేపు బాబూ?"

"అర నిమిషం, మాస్టారూ."

"ఇన్నూరు మందికి?"

చెప్పలేకపోయాను. 100 నిమిషాలు. చివరివాడి వంతు వచ్చేసరికి పప్పు చల్లారి రాయవుతుంది. నాలుగు నెలలు నలుగురు ఇంజనీర్లం వెయ్యని లెక్క అది. 20 నిమిషాల్లో అందరి చేతులూ కడిగించాలంటే అయిదు యంత్రాలుండాలి. మా దగ్గర అంత డబ్బు లేదు.

ఆ సాయంత్రమే గోనెగుడ్డలు విప్పేశారు. ఆ తర్వాత చేసింది రిపోర్టులో 'ప్రత్యామ్నాయం' అని అర పేజీలో ఉంది. కొళాయిలకు స్ప్రింగు పెట్టి, సైకిల్ బ్రేకు వైరు కట్టి, కింద కాలితో తొక్కే పెడలు బిగించాం. కాలు తీస్తే నీళ్ళు ఆగిపోతాయి. కరెంటక్కర్లేదు, ఎండతో పేచీ లేదు. అయిదింటికీ కలిపి అయిన ఖర్చు ఆ ఒక్క యంత్రానికైన దానిలో సగం కూడా లేదు. సెన్సరు యంత్రాన్ని విప్పి స్టోరు రూములో పెట్టాం. వైవాలో మార్కులు మాత్రం దానికే వచ్చాయి, పెడలుకు కాదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. వారం తర్వాత రాత్రి ఆలస్యంగా భోజనానికి వెళితే, గేటు దగ్గరి వాచ్‌మన్ తాత కొళాయి ముందున్నాడు. ఆయనకు చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు సన్నబడింది, చంకలో కర్ర. మంచి కాలు ఎత్తి పెడలు తొక్కితే నిలబడలేడు, చచ్చుబడిన కాలితో తొక్కలేడు. కర్రను పెడలు మీద ఆనించి, గోడకు ఒరిగి, ఒంటి చేత్తో కడుక్కుంటున్నాడు. రెండో చెయ్యి కర్ర మీదే ఉంది.

"తాతా, ఎన్నాళ్ళనుంచి ఇలా?"

"పర్లేదు బాబూ. ఇంటి నుంచి చెంబు తెచ్చుకుంటున్నాలే, ఇయ్యాల మర్చిపోయా. ఆ పాత మిషనే బాగుండేది. అది నన్నేం అడిగేది కాదు."

నాకు అన్నం సయించలేదు. పొద్దున్నే మిగతా ముగ్గురినీ లేపాను. మేడ మీది ట్యాంకు నుంచి తోటకు పోయే పైపు ఆయన గది పక్కనుంచే వెళుతుంది, ఒత్తిడికి లోటు లేదు. యంత్రం అక్కడ బిగించాం. గోడకు ఇనుప పట్టీ వేశాం, మోచేతులు ఆనించుకుంటే రెండు చేతులూ ఖాళీ అవుతాయి. 20 సెకన్ల విరామాన్ని 30 చేశాం, ఆయన వెనక వరుస లేదు కదా. దీనికి ఎవరూ మార్కులు వెయ్యలేదు, మేమూ అడగలేదు.

పోయినేడు పూర్వ విద్యార్థుల సమావేశానికి వచ్చినప్పుడు ముందు గేటు దగ్గరికే వెళ్ళాను. గోడకు యంత్రం డబ్బా ఉంది గానీ వాల్వు లేదు. పోయిందేమోనని గుండె జారింది. తాత గదిలోంచి గిన్నె పట్టుకొచ్చి చూపించాడు. వాల్వూ, రబ్బరు పొరా, స్ప్రింగూ విడివిడిగా ఎర్రటి నీళ్ళలో నానుతున్నాయి.

"ఇక్కడి నీళ్ళకి సున్నం పడతది బాబూ. ఆర్నెల్లకోసారి ఇట్టా చింతపండు నీళ్ళల్లో నానేస్తా. సాయంత్రానికి బిగించేస్తాలే, నువ్వు పోయి మీటింగులో కూచో."