మేస్త్రీ వేసిన లెక్క

పాత మోటారు సైకిలు కొనబోయేవాడు అన్నిటికంటే ముందు ఇంజనుమీద అరచేయి వేసి చూడాలని విజయవాడ ఆటోనగర్‌లోని ఒక మేస్త్రీ తన దగ్గర పని నేర్చుకునే కుర్రవాళ్లకు చెబుతుండేవాడు. ఇంజను వెచ్చగా తగిలిందంటే, బేరం చేసేవాడు రాకముందే దాన్ని ఒకసారి నడిపి ఉంచారన్నమాట. చల్లబడిన ఇంజను మొదటి కిక్కుకు ఎలా మొరాయిస్తుందో కొనేవాడి కంటపడకుండా అదొక జాగ్రత్త. కాని 2023 వేసవిలో, గుడివాడకు సమీపాన ఒక గ్రామంలో, ఆయన అరచేయి వేసిన ఇంజను ఆరేళ్లుగా నిప్పు ఎరుగదు.

అది 1989 నాటి యమహా ఆర్.ఎక్స్. 100. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసిన వ్యక్తి దానిమీద ఎన్నో ఏళ్లు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాడు. ఆయన పోయిన తరువాత బండి వసారాలో గోనెపట్టా కింద ఉండిపోయింది. ఇల్లు ఖాళీచేసి కూతురి దగ్గరకు వెళ్లదలచిన ఆయన భార్య దానికి 20,000 రూపాయలు అడిగింది. పాత ఇనుము వ్యాపారి 8,000 ఇస్తానన్నాడట. ఆ పై మొత్తం ఆవిడ ధైర్యం చేసి పెంచుకున్నదే.

ఈ కబురు తెచ్చినవాడు మేస్త్రీ మేనల్లుడు. బెంగళూరులో ఉద్యోగం. మట్టి ట్రాకుమీద జరిగే పందేలు చూసి చూసి, తనకూ అటువంటి బండి ఒకటి ఉండాలని మనసుపడ్డాడు. అతడి కోరిక వింతైనదేమీ కాదు. మన దేశపు మట్టి ట్రాకులమీద ఈ తరహా బండ్లు చాలాకాలం ముందు వరుసలో పరుగెత్తాయి. 98 సి.సి. ఇంజను, 11 అశ్వశక్తి. వినడానికి స్వల్పమే. కాని రెండు స్ట్రోకుల ఇంజను తిరిగిన ప్రతి చుట్టుకూ ఒకసారి మండుతుంది, నాలుగు స్ట్రోకులది రెండు చుట్లకు ఒకసారి. బరువు తక్కువ, ఊపు ఎక్కువ. 1985లో వచ్చిన ఈ బండి తయారీ 1996లో ఆగిపోయింది. పొగమీద నిబంధనలు బిగిసేకొద్దీ ఈ జాతి ఇంజన్లకే చోటు లేకుండా పోయింది. ఆగిపోయిన వస్తువుకు వెల ఎలా కడతారు? కొత్తదాని ధరలో ఏటా ఇంత అని తగ్గించుకుంటూ వచ్చే లెక్క ఇక్కడ పనికిరాదు.

"ఇరవై వేలకే వస్తోంది మామయ్యా. నువ్వొకసారి చూసి సరే అంటే చాలు," అన్నాడు మేనల్లుడు దారిలో. జేబులో 25,000 పెట్టుకుని వచ్చాడు.

మేస్త్రీ తొందరపడలేదు. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో రెండు చుక్కల నూనె వేసి, కిక్కును చేత్తోనే మెల్లగా తిప్పాడు. పిస్టను బిగుసుకోలేదు. సైలెన్సరు ఊడదీసి, పొగ వెలువడే ద్వారంగుండా టార్చిలైటు వేసి చూశాడు. పందేల మోజులో ఆ ద్వారాలను ఆకురాయితో అరగదీసి పెద్దవి చేయించినవాళ్లు కోకొల్లలు. ఇక్కడ అంచులు ఫ్యాక్టరీలో పోతపోసినట్టే ఉన్నాయి. పిస్టనుమీద నిలువు గీతలు రెండు మూడు కనిపించాయి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్.సి. పుస్తకంతో సరిపోయాయి.

కొత్త పెట్రోలు పోసి, కార్బురేటరు శుభ్రంచేసి, పదిహేనో కిక్కుకో పదహారో కిక్కుకో బండిని పలికించాడు. వసారా అంతా పొగ. పొగ చూసి బెదిరేవాళ్లూ, పొగ చూసి మురిసేవాళ్లూ ఇద్దరూ పొరబడతారు. నూనె కూడా పెట్రోలుతోపాటు మండుతుంది కనుక మొదట్లో కొంత పొగ సహజం. పది నిమిషాలు గడిచినా పలచబడకుండా, తెల్లగా, గేర్ ఆయిల్ వాసనతో వస్తే క్లచ్చి వైపు క్రాంక్ సీలు పాడయిందని అర్థం. ఇక్కడ పలచబడలేదు.

మిగిలిన సాక్ష్యం లోపలినుంచి వచ్చింది. "ఆయన అన్నీ రాసుకునేవారు బాబూ," అంటూ ఆవిడ ఒక అట్టపుస్తకం తెచ్చి ఇచ్చింది. పోయించిన ప్రతి లీటరు, మార్చిన ప్రతి కేబులు అందులో ఉన్నాయి. 1999లో బోరు చేయించి అర మిల్లీమీటరు పెద్ద పిస్టను వేయించినట్టు రాసి ఉంది. అంటే మరో బోరుకు ఇంకా చోటు ఉంది. అటువంటి పుస్తకం ఉన్న బండి మేస్త్రీ చేతికి అంతకుముందు ఎన్నడూ రాలేదు.

మేనల్లుడు జేబులో చెయ్యి పెట్టాడు. మేస్త్రీ అతడిని ఆగమని, ఒక కాగితం అడిగి, ఆవిడ ఎదుటే పైకి చదువుతూ రాయసాగాడు. మంచి స్థితిలో, కాగితాలు సరిగా ఉన్న ఇటువంటి బండి తమ వైపు 90,000 పలుకుతుంది. బోరు, పిస్టను 6,000. సీళ్లు, బేరింగులు 5,000. క్లచ్చి ప్లేట్లు, కేబుళ్లు, వైరింగు 7,000. టైర్లు, చైను 9,000. బండి ఇంకా చనిపోయిన ఆయన పేరనే ఉంది. ముందు ఫారం 31తో భార్య పేరుకు, ఆపైన ఫారం 29, 30లతో కొన్నవాడి పేరుకు మారాలి. పదిహేనేళ్లు దాటింది కనుక రిజిస్ట్రేషను పునరుద్ధరించాలి. వీటికి 5,000. మొత్తం 32,000 తీసివేస్తే 58,000. విప్పితేగాని బయటపడని నష్టాలకు 8,000.

"యాభై వేలు తల్లీ. ఇంతకు తక్కువ అడగవద్దు. ఎక్కువ ఇస్తామన్నా నమ్మవద్దు," అన్నాడు.

ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తరువాత ఇరవై చాలునన్నది, మాట ఇచ్చాను గదా అన్నది. మేస్త్రీ కాగితం మడిచి ఆవిడ చేతిలో పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో మేనల్లుడు ఉయ్యూరు దాటేదాకా నోరు విప్పలేదు. "నువ్వు ఎవరి తరఫున వచ్చావు మామయ్యా?" అన్నాడు చివరకు. అతడి కోపంలో న్యాయం లేకపోలేదు. అడిగిన ధర ఆవిడ అడిగిందే, అబద్ధం ఎవరూ ఆడలేదు. మేస్త్రీ దగ్గర దానికి జవాబు ఉందో లేదో తెలియదు. కారు అద్దం దించుకుని బయటికి చూస్తూ కూర్చున్నాడు.

నెల్లాళ్ల తరువాత మేనల్లుడే తక్కిన 25,000 కూర్చుకుని వెళ్లి బండి తెచ్చాడు. షెడ్డులో ఇంజను విప్పారు. సీలు చెప్పినట్టే గట్టిపడి పగిలి ఉంది. చెప్పనివి రెండు బయటపడ్డాయి. కనెక్టింగు రాడ్డు అడుగున ఆట ఉంది, దానికి 3,400 అయింది. మాగ్నెటో కాయిలు బలహీనపడింది, అది 1,800.

మేనల్లుడు ఫోనులో కూడి చూసుకున్నాడు. 5,200. ఆ 8,000లో 2,800 మిగిలాయి. ఆ మిగిలినవి ఎవరివని అతడు అడగలేదు. మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ తానుగా చెప్పనూ లేదు.