చెవి మిషనుతో కాపురం

మా ఇంట్లో పొద్దున్నే రెండు ఈలలు వినిపిస్తాయి. ఒకటి కుక్కరుది, రెండోది మా అత్తగారి చెవి మిషనుది. రెండోది మొదలైందంటే ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడతాం, ఆవిడ తప్ప. ఆ సన్నటి కీచుమనే చప్పుడు ఆవిడ చెవికి ఆనదు మరి!

మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. మిషను పెట్టుకోవడం మొదలై మూడేళ్ళయింది. కళ్ళజోడు పెట్టుకున్న రోజున ఎవరూ ఏమీ అనుకోలేదు గానీ, మిషను పెట్టుకున్న రోజున మాత్రం చుట్టాలంతా పరామర్శకి వచ్చినట్టు వచ్చి చూసి వెళ్ళారు. మన లోకం తీరే అంత. చూపు మందగించిందంటే అయ్యో అంటారు, చెవుడు అనేసరికి శంఖం సామెత గుర్తొచ్చి నవ్వుతారు.

క్రిందటి శ్రావణంలో ఆ మిషను మూగపోయింది. “పాడైపోయిందమ్మా, డబ్బు దండగ” అని తేల్చేశారు మావారు. అత్తగారు దాన్ని రుమాలులో మూటగట్టి బీరువాలో పట్టుచీరల మధ్య దాచేశారు. ఖరీదైన వస్తువు గదా! ఆ తర్వాత మా ఇంట్లో జరిగింది మీలో చాలామంది ఇళ్ళలోనూ జరిగే ఉంటుంది.

రాత్రి భోజనాల దగ్గర పిల్లలు ఏదో అనుకుని పకపకా నవ్వుతారు. “ఏమిటర్రా?” అంటారు అత్తగారు. “ఏం లేదులే నానమ్మా” అంటుంది మా అమ్మాయి. దాని తప్పూ లేదు. ఆపాటి హాస్యాన్ని మళ్ళీ గొంతు చించుకుని చెబితే నవ్వు రాదు. మొదట్లో ఆవిడ పూటకి నాలుగుసార్లు అడిగేవారు. తర్వాత రెండుసార్లు. ఆ తర్వాత అడగడమే మానేశారు. కంచంలోకి చూసుకుంటూ నాలుగు మెతుకులు తిని లేచిపోయేవారు.

ఒకనాడు పక్కింటావిడ వచ్చి “పిన్నిగారూ, నొప్పులు తగ్గాయా?” అంటే, “అప్పులు చేసే ఖర్మ మాకేం పట్టిందమ్మా!” అన్నారు అత్తగారు. అందరూ నవ్వారు. వెళ్ళేటప్పుడు పక్కింటావిడ గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని, “పెద్దావిడకి మతి తప్పుతోందేమో, డాక్టరుకి చూపించండి” అంది రహస్యంగా.

అప్పుడు భయమేసింది నాకు. తిథులూ, పాలవాడి పద్దులూ నోటిమీద చెప్పే మనిషి, చిటికెన వేలంత వస్తువు మూగపోయినందుకు మతిలేనిదై పోవడమా!

మర్నాడే మిషను తీసుకుని ఆడియాలజిస్టు దగ్గరికి వెళ్ళాను. పాతికేళ్ళ పిల్ల. భూతద్దంలోంచి చూసి, చిన్న బ్రష్షుతో దులిపి, గొట్టం ఊడదీసి రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, కొత్త సెల్లు వేసింది. “మిషను నిక్షేపంలా ఉందండీ. గులిమీ, చెమ్మా పట్టాయి, అంతే” అంది. పది నిమిషాలు పట్టలేదు. రెండు నెలల మౌనానికి పది నిమిషాల వైద్యం!

నేను బి.ఏ.లో చరిత్రా, తెలుగూ చదువుకుని నవలలు రాసుకునేదాన్ని. ఫ్యూజు పోతే ఎలక్ట్రీషియను కోసం ఎదురుచూసే రకాన్ని. అలాంటి నాకే పట్టుబడిందంటే మీకు అదొక లెక్క కాదు. మా అత్తగారిది చెవి వెనక కూర్చునే రకం. చెవిలోకి వెళ్ళే అచ్చు వేరు, రెంటినీ కలిపే సన్న గొట్టం వేరు.

మిషను పలకకపోతే ముందు దాన్ని ఆన్ చేసి గుప్పిట్లో మూసి చూడండి. కుయ్యిమని ఈల వేసిందా, ప్రాణం ఉన్నట్టే. ఈల లేకపోతే ముందు సెల్లు మార్చి చూడాలి, అప్పటికీ పలకకపోతే గొట్టంలోనో, అచ్చులోనో ఏదో అడ్డుపడి ఉండవచ్చు. ఈ సెల్లు గాలి పీల్చి బతికే జాతి. దానిమీది రంగు స్టిక్కరు పీకాక ఒకటి రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి అప్పుడు వెయ్యాలి. ఆ రంగే సైజుకి గుర్తు. 13 నంబరుకి నారింజ, 312కి గోధుమ, 675కి నీలం. మా అత్తగారు పొదుపరి. రాత్రిపూట సెల్లు తీసి మళ్ళీ స్టిక్కరు అంటించి దాచేవారు. ఒకసారి గాలి పీల్చాక దాని ఆయుష్షు కరుగుతూనే ఉంటుందట, స్టిక్కరు తిరిగి అంటించినా ఆగదు. పడుకునేముందు మిషనుకున్న సెల్లు తలుపు తెరిచి ఉంచితే చాలు, మిషను ఆగుతుంది, లోపలి చెమ్మా ఆరుతుంది. మరొక్క మాట. ఈ సెల్లుని బి.పి. మాత్రల డబ్బా పక్కన పెట్టకండి. పెద్దవాళ్ళు మాత్ర అనుకుని మింగేస్తారు, పసివాళ్ళు బిళ్ళ అనుకుని నోట్లో వేసుకుంటారు. మింగారని అనుమానం వచ్చినా సరే, క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

గులిమి సంగతి. అచ్చు రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని పొడి బ్రష్షుతో దులపాలి, రాలినది మళ్ళీ లోపలికి పోకుండా. అచ్చుని మిషను నుంచి విడదీసి గోరువెచ్చటి సబ్బునీళ్ళలో కడిగి, రాత్రంతా ఆరబెట్టవచ్చు. మిషనుకి మాత్రం నీటిబొట్టు తగలకూడదు. ఇక పిన్నీసు! కొక్కెం ఊడినా, చెప్పు తెగినా మన ఆడవాళ్ళకి పిన్నీసే బ్రహ్మాస్త్రం గదా. దాన్ని మాత్రం మిషను రంధ్రాల్లోకీ పోనివ్వకండి, చెవిలోకీ పోనివ్వకండి. చెవిలో గులిమి తియ్యడం డాక్టరు పని.

మా బెజవాడ ఉక్కకి చెమట మిషనులోకీ దిగుతుంది. గొట్టంలో మంచుబొట్లలా కనిపిస్తుంది. గొట్టాన్ని మిషను నుంచి విడదీసి రబ్బరు బుడ్డితో గాలి కొట్టాలి. నోటితో ఊదితే ఉన్న తడికి మన ఊపిరి తడి తోడవుతుంది. రాత్రి సిలికా పొట్లం వేసిన మూతడబ్బాలో పెడితే తెల్లారేసరికి ఆరుతుంది. ఎండలో పెట్టడం, తల ఆరబెట్టుకునే మిషనుతో వేడిగాలి కొట్టడం పనికిరావు. కొబ్బరినూనె, పౌడరు, సాంబ్రాణి పొగ, అన్నీ అయ్యాకే మిషను చెవికెక్కాలి.

పెట్టుకున్నాకా ఈల వేస్తుంటే, అచ్చు సరిగ్గా కూర్చోక చెవిలోకి పోవలసిన శబ్దం బయటికి కారి మళ్ళీ మిషనులోకి దూరుతోందన్నమాట. తీసి మళ్ళీ పెట్టి, శబ్దం కొంచెం తగ్గించి చూడండి. ఎడమదీ కుడిదీ తారుమారైనా అంతే. ఎరుపు గుర్తు కుడికి, నీలం ఎడమకి. అప్పటికీ మానకపోతే చెవిలో గులిమైనా నిండి ఉండాలి, అచ్చైనా వదులై ఉండాలి, గొట్టమైనా బిరుసెక్కి ఉండాలి. అవి వాళ్ళ దగ్గర చూపించుకోవలసినవే. ఉన్నట్టుండి చెవి వినపడకపోయినా, చీము కారినా మిషనుని తిట్టుకుంటూ కూర్చోకుండా ఆ రోజే చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

కొనే స్తోమత లేనివారికి 1981లో మొదలైన అడిప్ పథకం కింద అర్హతను బట్టి ప్రభుత్వం మిషను ఇస్తుంది. 1983లో ముంబయిలో స్థాపించిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకి సికింద్రాబాదులోనూ కేంద్రం ఉంది. కానీ ఎవరిచ్చిన మిషనైనా రాత్రిపూట దులిపి డబ్బాలో పెట్టే చెయ్యి మాత్రం ఇంట్లోనే ఉండాలి. ముసలి వేళ్ళకి ఆ చిన్న తలుపు తెరుచుకోదు, ముసలి కళ్ళకి ఆ గులిమి కనపడదు. మా ఇంట్లో ఆ పని మా అమ్మాయి తీసుకుంది. హోంవర్కుకి బద్ధకిస్తుందేమో గానీ దీనికి బద్ధకించదు.

ఇప్పుడు మాకు వచ్చిన చిక్కల్లా ఒక్కటే. వంటింట్లో నేను మావారితో గొంతు తగ్గించి “పప్పులో ఉప్పు తక్కువైంది, అత్తయ్యకి చెప్పకండి” అంటే, వరండాలోంచి “విన్నానమ్మాయ్!” అని జవాబొస్తోంది.